రీడింగ్ గ్రూప్‌కి తర్వాతి పుస్తకం ఎంచుకోవడం ఎలా? మొదటి సూచన నుంచి చివరి మెసేజ్ దాకా

“వచ్చే నెలకి ఏం చదువుదాం?” అని వాట్సాప్ గ్రూప్‌లో ఒకరు అడుగుతారు. గంటలో పదిహేను పేర్లు వచ్చి పడతాయి. ఒకరు కవర్ ఫొటో పెడతారు, ఇంకొకరు “అది ఎప్పుడో చదివేశాను” అంటారు. నిర్ణయం మాత్రం జరగదు. మీటింగ్ పది రోజుల్లోకి వచ్చాక ఎవరో చొరవ తీసుకుని ఒక పేరు ఖాయం చేస్తారు. అప్పటికి కొందరికి పుస్తకం దొరకదు, దొరికినవాళ్లకి టైం చాలదు. చివరికి నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు.

నెలకోసారి కలిసే, ఎనిమిది నుంచి పదిహేను మంది ఉన్న తెలుగు గ్రూప్‌ని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. ఇంట్లో కలిసినా, లైబ్రరీలో కలిసినా, జూమ్‌లో కలిసినా ఇదే పనికొస్తుంది.

గ్రూప్‌కి పెట్టే పుస్తకం మూడు పరీక్షలు నెగ్గాలి. అందరి చేతికీ అందాలి. ఎక్కువమంది పూర్తి చేయగలగాలి. చదివాక అందరూ ఒకే మాట అనకూడదు. వరుస కూడా ఇదే. చాలా గ్రూపులు మూడోదానితో మొదలుపెట్టి, గొప్ప పుస్తకం ఏదా అని గంటలు వాదించుకుని, అది మార్కెట్లో ఉందో లేదో ఆఖర్న చూస్తాయి. తెలుగు పుస్తకాల విషయంలో ఆ ఆఖరి పనే మొదట చేయాలి.

1. ముందు మీ సభ్యుల సంగతి తెలుసుకోండి

పుస్తకం కంటే ముందు చదివేవాళ్లను చూడాలి. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి ఈ నాలుగూ అడగండి. గ్రూప్‌లో అడిగితే మొహమాటానికి జవాబులు వస్తాయి.

☐ తెలుగు పుస్తకం పది పేజీలు చదవడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? (ఊహించి చెప్పొద్దు, గడియారం పెట్టుకుని చదవాలి)
☐ రోజుకి చదవడానికి నిజంగా ఎంత టైం దొరుకుతోంది?
☐ అచ్చు పుస్తకమే కావాలా, ఫోన్‌లో చదవగలరా, వినడానికి ఇష్టపడతారా?
☐ నెలకి పుస్తకం మీద ఎంత ఖర్చు పెట్టగలరు?

మొదటి ప్రశ్నకి వచ్చే జవాబులు చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి పది పేజీలకి ఇరవై నిమిషాలు పట్టిందనుకోండి. ఆ లెక్కన 240 పేజీల నవల 480 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పని. రోజుకి ఇరవై నిమిషాలు కూర్చుంటే 24 రోజుల్లో అయిపోతుంది. అదే గ్రూప్‌లో ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇష్టం కొద్దీ ఇప్పుడు తెలుగు చదువుతున్న అమ్మాయి ఉంటే, ఆమెకి అంతకు రెట్టింపు పట్టొచ్చు. అప్పుడు ఆ నవల ఆమెకి నెలలో అవ్వదు.

పేజీల పరిమితిని గబగబా చదివేవాళ్లను బట్టి పెట్టకండి, నెమ్మదిగా చదివేవాళ్లను బట్టి పెట్టండి. త్వరగా అయిపోయినవాళ్లు రెండోసారి చదువుకోవచ్చు. పూర్తి కానివాళ్లు మాత్రం మీటింగ్‌కే రావడం మానేస్తారు. గ్రూపులు చల్లబడిపోయేది ఎక్కువగా ఇలాగే.

2. ఇంతవరకూ చదివినవన్నీ ఒక కాగితం మీద రాయండి

పుస్తకం పేరు పక్కన ఐదు విషయాలు రాస్తే చాలు: రచయిత, వచ్చిన కాలం, కథ జరిగే ప్రాంతం, ప్రక్రియ (నవలా, కథలా, నాటకమా, ఆత్మకథా, కవిత్వమా), చివరిదాకా చదివినవాళ్లు ఎందరు.

ఖాళీలు మీ కంటికే కనబడతాయి. అన్నీ కోస్తా జిల్లాల నవలలే కావచ్చు. తెలంగాణ, ఉత్తరాంధ్ర, సీమ నుంచి ఒక్కటీ లేకపోవచ్చు. స్త్రీలు రాసినవి, దళిత, ముస్లిం రచయితలవి, అనువాదాలు అసలు రాకపోవచ్చు. తర్వాతి విడత సూచనలు అడిగేటప్పుడు ఆ ఖాళీనే ముందు పెట్టండి. “ఈసారి కోస్తా బయటి కథలు చూద్దాం” అని హద్దు గీస్తే, “మంచి పుస్తకం ఏదైనా చెప్పండి” అన్నప్పటికంటే బాగా ఆలోచించిన పేర్లు వస్తాయి.

చివరిదాకా చదివినవాళ్ల సంఖ్యని దాచకండి. ఏ పుస్తకాలు పూర్తయ్యాయో, ఏవి కాలేదో చూస్తే మీ గ్రూప్ ఓపిక ఎంతో తేలుతుంది.

3. పేర్లు అడగొద్దు, పూర్తి సూచన అడగండి

పేరు చెప్పడం తేలిక, అందుకే పదిహేను వచ్చి పడతాయి. ఒక మనిషికి ఒకే పుస్తకం అని నియమం పెట్టండి. సూచించేవాళ్లు ఆ పుస్తకం కనీసం యాభై పేజీలు స్వయంగా చదివి ఉండాలి. “బాగుందని విన్నాను” అంటే అది సూచన కింద లెక్క కాదు.

సూచన ఈ రూపంలో ఉండాలి:

• పుస్తకం, రచయిత, ప్రక్రియ
• పేజీలు, ధర (చేతిలో ఉన్న ప్రతి చూసిగానీ షాపులో అడిగిగానీ రాయాలి)
• ఎక్కడ దొరుకుతోంది, ఎన్ని కాపీలు
• రెండు వాక్యాల్లో దేని గురించి
• చర్చకి ఒక ప్రశ్న
• ముందే చెప్పాల్సిన సంగతి ఏదైనా ఉంటే అది (హింస, ఆత్మహత్య, కష్టమైన భాష, చిన్న అక్షరాలు)

నింపిన సూచన ఎలా ఉంటుందో చూడండి. పి. శ్రీదేవి నవల ‘కాలాతీత వ్యక్తులు’ని ఎవరో సూచిస్తున్నారనుకుందాం. “1950ల చివర్లో వచ్చిన నవల. ఉద్యోగం చేసి ఇల్లు నడిపే ఇందిర తన జీవితం గురించి తనే నిర్ణయాలు తీసుకుంటుంది, వాటి ఫలితం చుట్టూ ఉన్నవాళ్ల మీద కూడా పడుతుంది. ప్రశ్న: ఇందిరని స్వార్థపరురాలు అనొచ్చా, లేక మగవాడు అదే పని చేస్తే మనం వేరే పేరు పెడతామా?” ఇలా వస్తే చదవనివాళ్లకి కూడా పుస్తకం మీద ఒక అంచనా ఏర్పడుతుంది. “క్లాసిక్ అండీ, తప్పకుండా చదవాలి” అంటే ఏమీ తెలియదు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. తెలుగు చదువరుల్లో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆవిష్కరణ సభ కాగానే “మన గ్రూప్‌లో కూడా చర్చ పెడితే బాగుంటుంది కదండీ” అన్న మాట వస్తుంది. కాంప్లిమెంటరీ కాపీలు కూడా వస్తాయి. కాదనడం కష్టం, ఒప్పుకుంటే ఆ రోజు ఎవరూ మనసులో మాట చెప్పరు. అందుకే ముందే రాసి పెట్టుకోండి: సభ్యులు తమ పుస్తకాన్నిగానీ, తమ ఇంట్లోవాళ్ల పుస్తకాన్నిగానీ సూచించకూడదు. సభ్యుల పుస్తకాలకి ఏడాదికి ఒకసారి వేరే సాయంత్రం పెట్టుకోండి, దాన్ని నెలవారీ చర్చతో కలపకండి. నియమం అందరికీ ఒకటే అయితే ఎవరూ బాధపడరు.

4. కాపీలు దొరుకుతాయో లేదో ఓటింగ్‌కి ముందే తేల్చండి

అన్నిటికంటే ఎక్కువ శ్రమ ఇక్కడే పెట్టాలి. తెలుగులో చాలా పుస్తకాలు ఐదొందలో, వెయ్యో కాపీలే వేస్తారు. అవి అయిపోయాక రీప్రింట్ ఎప్పుడు వస్తుందో పబ్లిషరే చెప్పలేని పరిస్థితి ఉంటుంది. ఆన్‌లైన్‌లో పుస్తకం బొమ్మ కనబడుతుంది, ఆర్డర్ పెడితే వారం తర్వాత డబ్బులు వెనక్కి వస్తాయి. కాబట్టి వెబ్‌సైట్‌ని నమ్ముకోకండి, ఫోన్ చేయండి.

అడిగే పద్ధతి కూడా ఉంది. “ఫలానా పుస్తకం ఉందా అండీ?” అంటే, ఒక్క కాపీ ఉన్నా “ఉందండీ” అనే అంటారు. అందులో వాళ్ల తప్పేం లేదు. ఇలా అడగండి: “మాకు పన్నెండు కాపీలు కావాలండీ. ఇప్పుడు మీ షాపులో ఎన్ని ఉన్నాయి? మిగతావి పబ్లిషర్ దగ్గర ఉన్నాయేమో కనుక్కుని చెప్తారా?” “వస్తాయండీ” అన్న జవాబు వస్తే ఆ పుస్తకాన్ని ఈ నెలకి పక్కన పెట్టేయండి. “ఎనిమిది ఉన్నాయండీ, నాలుగు సోమవారానికి తెప్పిస్తాను” అంటే అది జవాబు. అప్పుడు షాపు పేరు, మాట్లాడిన తేదీ రాసుకోండి.

వెతకాల్సిన చోట్లు, ఈ వరుసలో:

☐ పబ్లిషర్. పుస్తకం రెండో పేజీలో ఫోన్ నంబర్ ఉంటుంది. పది కాపీలు దాటితే డిస్కౌంట్ అడగొచ్చు.
☐ పెద్ద షాపులు. హైదరాబాద్ కాచిగూడలో నవోదయ, చాలా ఊళ్లలో విశాలాంధ్ర.
☐ పాత పుస్తకాలు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒకటి రెండు కాపీలు దొరకొచ్చు, పన్నెండు దొరకవు. తక్కువ పడినవి పూరించుకోవడానికే ఈ దారి.
☐ లైబ్రరీలు. జిల్లా గ్రంథాలయంలో ఎన్ని ప్రతులున్నాయో అడగండి.
☐ సభ్యుల ఇళ్లు. “మీ దగ్గర ఏ పుస్తకాలు రెండేసి ఉన్నాయి?” అని ఒకసారి అడిగి చూడండి, చాలా బయటపడతాయి.

పుస్తకాల పండగలను వాడుకోండి. హైదరాబాద్‌లో సాధారణంగా డిసెంబర్లో, విజయవాడలో జనవరిలో పుస్తక ప్రదర్శన జరుగుతుంది. మామూలుగా దొరకనివి అప్పుడు స్టాళ్లలో కనిపిస్తాయి. తర్వాతి మూడు నెలల పుస్తకాలు ఆ రోజుల్లోనే కొనేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎడిషన్ సంగతి

ఒకే పేరుతో వేర్వేరు పుస్తకాలు చదివి వచ్చే ప్రమాదం ఉంది. దీనికి ‘కన్యాశుల్కం’ మంచి ఉదాహరణ. 1892లో తొలిసారి ప్రదర్శించిన నాటకాన్ని గురజాడ తర్వాత బాగా మార్చి పెంచారు. 1909లో వచ్చిన ఆ రెండో రూపమే ఇప్పుడు అందరూ చదివేది. మొదటి కూర్పు కూడా విడిగా అచ్చులో ఉంది. ఏది చదవాలో చెప్పకపోతే ఒకరు చెప్పే సన్నివేశం ఇంకొకరి పుస్తకంలో ఉండదు. సంక్షిప్త రూపాలు, స్కూలు పిల్లల కోసం కుదించినవి కూడా చూసుకోవాలి.

పాఠం ఒకటే అయినా పేజీ నంబర్లు ఎడిషన్‌ని బట్టి మారతాయి. అందుకే చర్చలో పేజీ నంబర్ కాకుండా అధ్యాయం నంబర్ చెప్పుకోవాలని ముందే అనుకోండి.

పీడీఎఫ్ పంపొచ్చా?

పంపకూడనివి పంపకండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల వరకూ కాపీరైట్ ఉంటుంది, ఆ లెక్క మరుసటి ఏడాది మొదటి నుంచి మొదలవుతుంది. గురజాడ 1915లో, ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో చనిపోయారు కాబట్టి వాళ్ల రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. చలం చనిపోయింది 1979లో, అంటే 2039 చివరిదాకా ఆగాలి. పాత రచనకే అయినా కొత్త ఎడిషన్‌లో చేర్చిన ముందుమాట, నోట్సుల మీద హక్కు వాటిని రాసినవాళ్లది. ఉచితంగా పంచుకోదగ్గ పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి. పేజీలు ఎగిరిపోయినవీ, మసకబారినవీ కూడా ఉంటాయి కాబట్టి లింక్ పంపే ముందు మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడండి.

ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకాలైతే కొనాల్సిందే. ఐదొందల కాపీలు వేసిన పుస్తకంలో ఒక గ్రూప్ కొనే పన్నెండు కాపీలు పబ్లిషర్‌కి చిన్న విషయం కాదు.

విదేశాల్లో ఉన్న సభ్యులకి పోస్టల్ ఖర్చు పుస్తకం ధర కంటే ఎక్కువవుతుంది. ఊరికి వచ్చినప్పుడు తీసుకెళ్లేలా నాలుగైదు నెలల పుస్తకాలు ముందే నిర్ణయించగలిగితే వాళ్లకి చాలా మేలు. లేదా వాళ్ల కోసం కొన్ని నెలలను ఈ-బుక్, ఆడియో ఉన్న పుస్తకాలకి కేటాయించండి. దాసుభాషితం లాంటి యాప్‌లలో తెలుగు ఆడియో పుస్తకాలు ఉన్నాయి. విని వచ్చినవాళ్లని చదివి వచ్చినవాళ్లతో సమానంగానే చూడాలి.

5. పది పేజీలు చదివి చూడండి

కాపీలు దొరికే పుస్తకాలు ఐదారు మిగిలాయనుకోండి. నిర్వాహకులు ఒక్కోదాంట్లో మొదటి ఐదు పేజీలు, మధ్యలో ఎక్కడైనా ఐదు పేజీలు చదవాలి. మొదటి పేజీలు బాగుండటం మామూలే, అసలు నడక మధ్యలో తెలుస్తుంది.

చూడాల్సినవి:

☐ గ్రాంథికమా, వ్యావహారికమా? గ్రాంథికమైతే పేజీలను ఒకటిన్నర రెట్లుగా లెక్కవేయండి.
☐ మాండలికం ఉంటే ఎంత ఉంది? మాటల్లోనేనా, కథనం అంతానా?
☐ అక్షరాల సైజు. అరవై దాటినవాళ్లు గ్రూప్‌లో ఉంటే ఇది చిన్న విషయం కాదు.
☐ పాత్రల పేర్లు, బంధుత్వాలు కలగాపులగంగా ఉన్నాయా? ఉంటే ఎవరైనా ఒక చిన్న వంశవృక్షం గీసి పెట్టగలరా?

మాండలికం ఉందని పుస్తకాన్ని పక్కన పెట్టేయకండి. రావిశాస్త్రి కథల్లోని విశాఖ భాషగానీ, నామిని కథల్లోని చిత్తూరు భాషగానీ కంటితో చదివితే మొదట తడబడతారు, చెవిన పడితే వెంటనే అర్థమవుతుంది. ఆ ప్రాంతం సభ్యులెవరైనా ఉంటే మొదటి రెండు పేజీలు చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. “అన్నా, మీ ఊరి పలుకుబడిలో ఒక్కసారి చదివి పెట్టవా” అంటే కాదనేవాళ్లు ఉండరు. ఆ రెండు నిమిషాలు విన్నాక మిగతా పుస్తకం అదే గొంతుతో చదువుకుంటారు.

6. చర్చకి నిలుస్తుందా?

ఇక మూడో పరీక్ష. అందరికీ బాగా నచ్చిన పుస్తకం మీద చర్చ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. “చాలా బాగుంది”, “నాకూ నచ్చింది”, “ఆ వర్ణన అద్భుతం”. తర్వాత టీ వస్తుంది. ఆ పుస్తకం గొప్పదే, ఇంట్లో ఒక్కరే చదువుకోవడానికి అది చాలు.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ తీసుకోండి. ఊరి పంచాయితీలో ఒక అప్పు తగువు, తీర్పు, ఆ తర్వాత జరిగే ఘోరం. ఆ ముగింపు న్యాయమా, అవసరమా, రచయిత చెప్పదలిచింది ఏమిటి అన్నదాని మీద దశాబ్దాలుగా వాదనలు జరిగాయి. పెద్దకథే కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్లు కూడా రెండు మూడు రోజుల్లో పూర్తి చేస్తారు. పేజీలు తక్కువ, తేలని ప్రశ్నలు ఎక్కువ. గ్రూప్‌కి ఇంతకంటే అనువైనది ఏముంటుంది?

పరీక్షించడానికి సూచించినవాళ్లనే ఈ మూడూ అడగండి:

☐ ఈ పుస్తకంలో ఏ పాత్రని మీరు పూర్తిగా సమర్థించలేరు, పూర్తిగా తప్పుపట్టలేరు?
☐ మీకు నచ్చని చోటు ఏది?
☐ “ఎందుకు” అని మొదలయ్యే ప్రశ్న ఒకటి చెప్పండి, దానికి మీ దగ్గర కూడా గట్టి జవాబు ఉండకూడదు.

మూడింటికీ తడుముకుంటే ఆ పుస్తకం చర్చకి బలహీనమైనదే. రెండోదానికి “నచ్చనిది ఏమీ లేదు” అంటే ఇంకొంచెం జాగ్రత్త పడండి. అభిమాన రచయిత పుస్తకాన్ని సూచించినవాళ్లు విమర్శ వస్తే నొచ్చుకుంటారు.

నొప్పించే విషయాలున్న పుస్తకాలను తప్పించుకు తిరగకండి. కులం, మతం, ఇంట్లో హింస గురించి రాసినవి గ్రూప్‌లో చదివితేనే మాట్లాడే ధైర్యం వస్తుంది. రెండు జాగ్రత్తలు తీసుకుంటే చాలు. ఏముందో ముందే ఒక వాక్యంలో చెప్పండి. దళిత జీవితం మీద పుస్తకం పెట్టినప్పుడు గ్రూప్‌లో ఉన్న ఒక్క దళిత సభ్యుణ్ణి “మీరు చెప్పండి, మీకు తెలుస్తుంది కదా” అని నిలబెట్టకండి. ఆయన కూడా పాఠకుడిగానే వచ్చారు. చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తారు.

7. ఓటింగ్‌కి మూడే ఉంచండి

ఆరు పుస్తకాల మీద ఓటు పెడితే ఓట్లు చీలిపోయి రెండు మూడు ఓట్లతో ఏదో ఒకటి గెలుస్తుంది. మూడు చాలు. ఆ మూడూ ఒకదానికొకటి తేడాగా ఉండాలి: ఒక నవల, ఒక కథల సంపుటి, ఒక ఆత్మకథ అన్నట్టు. ఓడిన రెండింటినీ పారేయొద్దు, తర్వాతి నెల జాబితాలోకి నేరుగా వెళ్తాయి. వరుసగా మూడుసార్లు ఓడితే ఏడాదిపాటు పక్కన పెట్టండి.

8. ఒక్కరికి ఒక్క ఓటు పద్ధతి వద్దు

పదిమంది సభ్యులు, మూడు పుస్తకాలు అనుకుందాం. ఒక్కరికి ఒకే ఓటు పెడితే మొదటిదానికి 4, రెండోదానికి 3, మూడోదానికి 3 వచ్చాయి. మొదటిది గెలిచింది. కానీ మిగతా ఆరుగురికి అది చదవాలని లేదు. మీటింగ్‌కి నలుగురే చదివి వస్తారు.

అదే పదిమందినీ “ఈ మూడింటిలో ఏవి పెడితే మీరు తప్పకుండా చదువుతారో అన్నిటికీ టిక్ పెట్టండి” అని అడగండి. మొదటి పుస్తకం కోరిన నలుగురిలో ముగ్గురు రెండోదానికి కూడా, ఒకరు మూడోదానికి కూడా టిక్ పెట్టారు. మూడోది కోరినవాళ్లలో ఇద్దరు రెండోదానికీ, రెండోది కోరినవాళ్లలో ఇద్దరు మూడోదానికీ పెట్టారు. ఇప్పుడు లెక్క: మొదటిది 4, రెండోది 8, మూడోది 6. రెండో పుస్తకం పెడితే ఎనిమిది మంది చదివి వస్తారు. గ్రూప్‌కి కావాల్సింది అదే కదా.

వాట్సాప్ పోల్‌లో ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే వీలు ఉంది, దాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. ఒక చిక్కు ఏమిటంటే, అందులో ఎవరు దేనికి వేశారో మామూలుగా అందరికీ కనబడుతుంది. సీనియర్ సభ్యులు ఒకదానికి వేయగానే మిగతావాళ్లు అటే మొగ్గుతారు. “మాస్టారు దానికే వేశారు కదా” అన్న ఆలోచన సహజం. అందుకే గూగుల్ ఫామ్ మేలు. చివర్లో ఒక ఖాళీ గడి పెట్టండి: “వీటిలో నేను అసలు చదవలేనిది ఏదైనా ఉందా? ఎందుకు?” కారణం రాయడం ఐచ్ఛికం. ఇద్దరు ముగ్గురు ఒకే పుస్తకం పేరు రాస్తే, ఓట్లు ఎన్ని వచ్చినా ఆ పుస్తకం గురించి మళ్లీ ఆలోచించాలి.

ఓటింగ్ మూడు రోజులు తెరిచి ఉంచండి. ఆ తర్వాత వచ్చినవి లెక్కలోకి రావు. సమానంగా వస్తే పేజీలు తక్కువ ఉన్నదాన్ని తీసుకోండి.

9. ఎప్పుడు ఏం చేయాలి

ఈ నెల మీటింగ్‌లో వచ్చే నెల పుస్తకం కాకుండా, ఆ పై నెల పుస్తకం ఎంచుకోవడం అలవాటు చేసుకోండి. పుస్తకం ఎంచి తెప్పించుకోవడానికి ఒక నెల, చదవడానికి ఒక నెల దొరుకుతాయి.

• మీటింగ్‌కి ఎనిమిది వారాల ముందు: సూచనలు అడగడం, ఐదు రోజుల గడువు
• ఏడు వారాల ముందు: షాపులకి ఫోన్లు, పది పేజీల పరీక్ష
• ఆరు వారాల ముందు: మూడింటి జాబితా, మూడు రోజుల ఓటింగ్
• ఐదున్నర వారాల ముందు: ప్రకటన, కాపీల ఆర్డర్
• నాలుగు వారాల ముందు: అందరికీ చేరాయా అని ఒక్కొక్కరినీ అడగడం
• రెండు వారాల ముందు: సగం పుస్తకం దగ్గర ఒక చిన్న పలకరింపు, ఒక ప్రశ్న

క్యాలెండర్ చూసుకోండి. సంక్రాంతి, దసరా, దీపావళి నెలల్లోనూ, పిల్లల పరీక్షలప్పుడూ, ఎండాకాలం పెళ్లిళ్ల సీజన్లోనూ పెద్ద నవలలు పెట్టకండి. ‘వేయిపడగలు’ లాంటి మహా నవల చదవాలని ఉంటే దాన్ని మూడు మీటింగులకి పంచి, ఏ మీటింగ్‌కి ఏ అధ్యాయం దాకా అన్నది మొదటే ప్రకటించండి.

10. ప్రకటన ఒకే మెసేజ్‌లో ఉండాలి

నిర్ణయం అయ్యాక సమాచారం ముక్కలుగా పంపకండి. ఈ నమూనా వాడుకోవచ్చు:

“అందరికీ నమస్కారం. ఫలానా నెల పుస్తకం: (పేరు, రచయిత, ఎడిషన్). పేజీలు ఇన్ని, ధర ఇంత. కాపీలు (షాపు) దగ్గర ఉన్నాయి, మన గ్రూప్ పేరు చెప్పండి. కొరియర్ కావాల్సినవాళ్లు ఆదివారంలోగా నాకు అడ్రస్ విడిగా పంపండి. ముందుగా చెప్పాల్సినది: మూడో అధ్యాయంలో హింస ఉంది. చదువుతున్నప్పుడు మనసులో ఉంచుకోవాల్సిన ప్రశ్న: (ఒకటే). కొనడానికి ఇబ్బంది ఉన్నవాళ్లు నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, గ్రూప్ కాపీ ఉంది.”

చివరి వాక్యం తీసేయకండి. అడగడానికి మొహమాటపడేవాళ్లు ప్రతి గ్రూప్‌లోనూ ఉంటారు. అందరూ తలా కొంచెం వేసుకుని ప్రతి పుస్తకానికీ ఒకటో రెండో గ్రూప్ కాపీలు కొని ఉంచితే ఆ సమస్య ఉండదు. మెసేజ్‌ని పిన్ చేయండి.

11. తరచూ వచ్చే చిక్కులు, సర్దుబాట్లు

ఎప్పుడూ ఇద్దరు ముగ్గురి పుస్తకాలే గెలుస్తున్నాయి. సూచించే వంతులు పెట్టండి. నెలకి ముగ్గురికి మాత్రమే సూచించే హక్కు, ఆ ముగ్గురూ పేర్ల వరుసలో మారుతుంటారు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి మూడు నెలల్లోనే వంతు రావాలి.

ఎవరూ సూచించడం లేదు. “ఏదైనా చెప్పండి” అన్నది మానేసి ప్రశ్న ఇరుకు చేయండి. “150 పేజీల లోపు, 2010 తర్వాత వచ్చిన కథల పుస్తకం” అంటే ఆలోచన మొదలవుతుంది.

కొందరు తెలుగు చదవలేరు, వింటే అర్థమవుతుంది. విదేశాల్లో పెరిగిన పిల్లలు, ఇంటికి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు చేరినప్పుడు ఇది వస్తుంది. ఏడాదిలో రెండుసార్లు ఇంగ్లీష్ అనువాదం కూడా ఉన్న తెలుగు పుస్తకాలు పెట్టండి. ఓల్గా ‘విముక్త’, జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ ఇంగ్లీష్‌లో కూడా దొరుకుతాయి. చర్చ తెలుగులోనే జరగాలి. మూలంలోని ఒక పేరా, అనువాదంలోని అదే పేరా పక్కపక్కన చదివితే గంట ఇట్టే గడిచిపోతుంది.

గెలిచిన పుస్తకం చాలామందికి నచ్చడం లేదు. మధ్యలో మార్చకండి. “కనీసం వంద పేజీలు చదివి, ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో రాసుకుని రండి” అని చెప్పండి. ఆపేసిన చోట్లన్నీ ఒకే అధ్యాయం దగ్గరుంటే చర్చకి అదే మంచి మొదలు.

సూచించినవాళ్లే మీటింగ్‌కి రాలేదు. పుస్తకం గెలిచిన రోజే వాళ్లు రాగలరో లేదో కనుక్కోండి. రాలేకపోతే పది నిమిషాల వాయిస్ పెట్టమనండి, లేదా పుస్తకాన్ని తర్వాతి నెలకి జరపండి.

ఆర్డర్ పెట్టాక స్టాక్ అయిపోయింది. ఉన్న కాపీలను ఇద్దరికి ఒకటి చొప్పున పంచి, చెరో పదిహేను రోజులు అనుకోండి. అదీ కుదరకపోతే పుస్తకాన్ని వాయిదా వేసి ఒక కథకి మారండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైట్‌లో రచయిత పేరుతో కథలు వెతుక్కోవచ్చు, పాత పత్రికల్లో అచ్చైన పేజీలు కూడా చదవొచ్చు. ఇరవై పేజీల లోపు కథలు ఐదారు ముందే ఎంచి లింకులు రాసి పెట్టుకుంటే, మీటింగ్‌కి వారం ముందు మారాల్సి వచ్చినా అందరూ చదివే వస్తారు.